కూర్మన్నపాలెం మవత్తు మహాసంగ్రామం

తూర్పున లంగరేసిన ఓడల కూతలూ, పడమట ఉక్కు కొలుముల గర్జనలూ రణభేరులై మోగుచుండగా, ఇరాకు మీద బాంబులు కురియుచున్న రెండువేల మూడవ సంవత్సరపు మార్చి మాసమున, కూర్మన్నపాలెం కూడలిలోని ఒకానొక పొడవాటి గోడపై, ఒక చిన్న మవత్తు కోసం ఘోరసంగ్రామం జరిగెను.

కుంచెధారి, ఎర్రరంగు డబ్బాధరుడు, నినాదలేఖన ధురంధరుడు అయిన గవర్రాజు పన్నెండేళ్ళుగా యూనియన్ వారు చీటీపై రాసిచ్చిన మాటలనే గోడల కెక్కించినవాడు. ఆ ఏడు మాత్రం, యుద్ధవార్తలకు గుండె రగిలి, తన సొంత బుర్రలో పుట్టిన మాట నొకదానిని మొట్టమొదటిసారి రాసెను: “అమ్మేరికా, ఖబడ్దార్!”

మరునాడు వచ్చి చూడగా మవత్తు లేదు! దాని చోట తెల్లని సున్నపు మచ్చ! మళ్ళీ దిద్దెను. మళ్ళీ మాయమాయెను. మూడవసారియు దిద్ది, నాలుగవనాటి ఉదయం గవర్రాజు క్రోధారుణనేత్రుడై టీ బడ్డీ చాటున పొంచియుండగా, ఎడమచేత సున్నపు ముంతయు కుడిచేత పీచుకుంచెయు ధరించి, అపశబ్దవనదావానలుడు, విశ్రాంత తెలుగు పండితుడు శ్రీరామ్మూర్తి మాస్టారు వేంచేసెను. ఒకనాడు బడిలో గవర్రాజును డిక్టేషన్‌లో వరుసగా మూడేళ్ళు ఓడించిన మహావీరు డాయనే! అయినను గవర్రాజు గోడకు అడ్డముగా నిలిచెను.

“ఆగండి మాస్టారూ!”

“ఏరా, ఇంతవాడివయ్యావు, ఇంకా వత్తులు రాలేదా? అమెరికాకి మవత్తు ఎక్కడిదిరా?”

అంతట గవర్రాజు కడలిఘోషను తలదన్ను కంఠముతో గర్జించెను: “తప్పు కాదు బాబూ! నాను కావాలనే ఎట్టినాను. అది బాంబులమ్మీ దేశం. ఇళ్ళు కూలిపోయినాక సిమెంటూ అదే అమ్ముతాది. అమ్మీ దేశం గాబట్టి అమ్మేరికా! ఇన్నేళ్ళూ ఊరోళ్ళ మాటలే రాసినాను. ఇదొక్కటే నాది. వత్తు తీసేత్తే నాకేటి మిగుల్తాది?”

పండితుని కుంచె గాలిలోనే ఆగిపోయెను. సున్నపుచుక్కలు పంచెపై రాలుచుండెను. “అమ్మే... అమ్మేరికా...” అని ముమ్మారు గొణిగి, ఆయన శిరఃకంపము గావించెను.

“అర్థం ఉందిరా. కానీ వత్తు ఎండ్రకాయలా ఉంది. ఏదీ, ఇలా తే ఆ కుంచె.”

అని ఎర్రకుంచె అందుకొని, నాలుక కొస పంట నొక్కిపట్టి, ముత్యమువంటి మవత్తును స్వహస్తములతో దిద్దెను. పదికి తన కెన్ని మార్కులో అడుగవలెనని గవర్రాజుకు తోచెను గాని, విజేతకు తగదని ఎంచి, రెండు టీలు చెప్పెను.

బాంబులు ఆగలేదు. అమెరికా సింహాసనమూ కదలలేదు. అయినను వినుడు జనులారా! విశాఖమండలమున తొలివాన పడువరకు, అనగా నిండా రెండున్నర మాసములు, ఆ మవత్తు అజేయమై నిలిచెను!