సమన్వయ సరస్సు

"ఈ క్షణం నుంచి నగరంలో శాఖలనేవి లేవు. ఉన్నది ఒకే కుటుంబం!" అని మేయరుగారు మైకు అదిరేలా ప్రకటించినప్పుడు, అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది టైలరమ్మ.

కొట్టదూ మరి! ఇంటి ముందుగదిలోని ఆవిడ కుట్టుకొట్టు ముందు మంచినీటి పైపు పగిలి మడుగు కట్టింది. లోపలికి రావాలంటే ఎగిరి దూకాలి. ఎగిరే వయసువాళ్లు రెడీమేడ్ కొనుక్కుంటారు. బట్టలు కుట్టించుకునేవాళ్లకు ఎగిరే ఓపిక లేదు. అత్తగారు అందులోనే జారి, మడమ బెణికి, మంచం మీంచే అందర్నీ అదిలిస్తోంది. నీళ్ల ఆఫీసుకు వెళ్తే "రోడ్డు తవ్వందే పైపెలా కనిపిస్తుంది?" అనేవారు. రోడ్ల ఆఫీసుకు వెళ్తే "ముందు నీళ్లు ఆగనీ తల్లీ" అనేవారు. టైలరమ్మ చెప్పులరిగాయి.

కుటుంబం ఏర్పడిన వారంలోనే అధికారులందరూ ఒకే వ్యానులో దిగారు. చూసినవాళ్లు ధన్యులు. టైలరమ్మ కత్తిరింపు బల్ల పక్కకు జరిపి కుర్చీలు వేసింది.

"ముందు మీరు పైపు బాగుచెయ్యండి సార్" అన్నాడు రోడ్ల ఇంజనీరు.

"అబ్బే, పెద్దవారు మీరుండగా నేనా? ముందు మీరు రోడ్డు తవ్వించండి" అన్నాడు నీళ్ల ఇంజనీరు.

"మీ పైపుకు దెబ్బ తగులుతుందేమోనని నా బెంగ."

"మీ రోడ్డుకు గాటు పడుతుందేమోనని నా బాధ."

ఒకప్పుడు ఈ ఇద్దరూ ఎదురుపడితే మొహాలు తిప్పుకునేవారు. ఇప్పుడు ఒకరి కష్టం తలచుకుని ఇంకొకరు కళ్లొత్తుకుంటున్నారు.

"ఇంతకీ ఎవరు తవ్వుతారు సార్?" అంది టైలరమ్మ.

"తొందరపడకమ్మా. సమన్వయం నడుస్తోంది" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

ఈలోగా ఆరోగ్యాధికారి చేతులు ముడుచుకు కూర్చోలేకపోయారు. దోమపిల్లల్ని తినే చేపలు తెప్పించి మడుగులో వదిలించారు. చీకట్లో ఎవరైనా చేపల్ని తొక్కుతారని దీపాల శాఖ స్తంభం పాతింది. వెలుతురుంటే జనం వచ్చి కూర్చుంటారని పార్కుల శాఖ రెండు బెంచీలు వేసి, చుట్టూ కంచె కట్టింది.

"ఏమ్మాయ్, పైపు బాగుచేశారా?" అని మంచం మీంచి కేకేసింది అత్తగారు.

"లేదత్తయ్యా, లైటు పెట్టారు."

"లైటెందుకు?"

"చేపలకి."

అత్తగారు చాలాసేపు మాట్లాడలేదు. ఆ ఇంట్లో అంతటి ఘనకార్యం ఏ శాఖ వల్లా అంతకుముందు జరగలేదు.

కంచెతో కొట్టు గుమ్మం మూసుకుపోయింది. వచ్చిన ఒకరిద్దరూ పెరటి సందులోంచి, వంటిల్లు దాటి, అత్తగారి మంచం పక్కనుంచి రావాలి. "పోయినసారికన్నా నడుము పెరిగినట్టుందే!" అని అత్తగారు చూపుతోనే కొలత చెప్పేసేది. ఆ ఒకరిద్దరూ రావడం మానేశారు.

మడుగుకు 'సమన్వయ సరస్సు' అని పేరుపెట్టి, మేయరుగారు రిబ్బను కత్తిరించారు. కత్తెర టైలరమ్మదే. ఆ చనువుతో ఆవిడ నోరు విప్పింది.

"అయ్యా, ఆ పైపు..."

"పైపు మూసేస్తే సరస్సు ఏమైపోతుందమ్మా? ఆ చేపలకు నువ్వు జవాబు చెప్తావా?"

అధికారులందరూ ఆవిడవంక అదోలా చూశారు. చేపల ఉసురు పోసుకోబోయినదానిలా టైలరమ్మ తలదించుకుంది.

ఎండలు ముదిరాయి. కొళాయిలు ఎండిపోయాయి. దాంతోపాటు పైపు కారడమూ ఆగింది. వీధి వీధంతా ఫోన్లు చేసినా ఎవరూ ఎత్తలేదు. 'సరస్సు అడుగంటుతోంది' అని ఎవరో చెప్పగానే మాత్రం ట్యాంకరు పరుగున వచ్చింది. బిందెలతో ఎదురెళ్లినవాళ్లను నీళ్ల ఇంజనీరు స్వయంగా ఆపాడు.

"జరగండమ్మా, ఇవి సరస్సుకి!"

ట్యాంకరు కదిలీ కదలకముందే వీధివాళ్లు కంచె మీంచి వంగి బిందెలు ముంచుకున్నారు. అప్పుడే పత్రికలవాళ్లతో దిగిన మేయరుగారు ఆ దృశ్యం చూసి చలించిపోయారు.

"చూశారా! మన సరస్సు వీధి దాహం తీరుస్తోంది! ఈ భాగ్యం ప్రతి వీధికీ దక్కాలి!"

మర్నాడు ఫొటోతో సహా వార్త వచ్చింది. ఫొటోలో టైలరమ్మ బిందె ఉంది, టైలరమ్మ లేదు.

ఇక లాభం లేదనుకుని, వానలు పడి కొళాయిలు మళ్లీ వచ్చాక, ఆవిడ కుట్టుమిషను పక్కవీధిలో చెల్లెలి ఇంటి వరండాలోకి మార్చింది. పొడి రోడ్డు. వెడల్పాటి మెట్లు. నాలుగు రోజుల్లో పాత ఖాతాదారులు ఒక్కొక్కరే తిరిగొచ్చారు. అత్తగారు కర్ర ఊతంతో వచ్చి కూర్చుని గుండీలు కుట్టసాగింది. టైలరమ్మ చాన్నాళ్లకు కూనిరాగం తీసింది.

ఒక ఉదయం వరండా ముందు వ్యాను ఆగింది. రోడ్ల ఇంజనీరు, నీళ్ల ఇంజనీరు కలిసి దిగారు. "ముందు మీరు" అని ఎవరూ అనలేదు. ఒకే గునపం, రెండు వైపులా ఇద్దరూ పట్టుకున్నారు.

టైలరమ్మ మిషను ఆపి పరుగెత్తుకొచ్చింది.

"సార్, సార్! ఇక్కడ పైపు బాగానే ఉంది కదా?"

"అందుకేగా అమ్మా వచ్చాం."