ఎర్ర ఊలు కట్టిన తులిప్

ఆ సోమవారం ఉదయం సీమ్ అనుకున్న పని చిన్నదే. పది గంటల కాఫీలోపు తను పుట్టించిన కొత్త తులిప్ రకానికి నమోదు పత్రం నింపి, సైకిలు మీద వెళ్ళి పోస్టులో వేసి రావాలి. తల్లి మొక్క, తండ్రి మొక్క పేర్లు చూసుకోవడానికి మరుగుదొడ్డిలోకి వెళ్ళాడు. ఏళ్ళతరబడి వాడే పుట్టినరోజుల క్యాలెండర్‌ని ఆ ఊళ్ళో అందరూ తగిలించేది అక్కడే. వెళ్ళినంత వేగంగానే బయటికి వచ్చాడు.

"నా క్యాలెండర్ ఏది?"

"నీది కాదు, ఇంటిది," అంది భార్య ఆఫ్యా, బంగాళాదుంపల తొక్క తీస్తూ. "అందరి పుట్టినరోజులూ కొత్తదాన్లోకి ఎక్కించి, పాతది కాగితాల బండిలో వేశా. కొత్తదాన్లో పిల్లుల బొమ్మలున్నాయి, చూశావా?"

"ముప్ఫై ఏళ్ళుగా ఏ పువ్వుకి ఏ పుప్పొడి అద్దానో అంతా అందులోనే రాశాను."

"అందుకే మీ అక్క పుట్టినరోజు కనబడక రెండేళ్ళు మరిచిపోయాం. రాసుకోడానికి నోటుబుక్కులు లేవా ఇంట్లో?"

"నోటుబుక్కు ఎక్కడో పోతుంది. మరుగుదొడ్డిలో క్యాలెండర్ ఎక్కడికి పోతుంది?"

"చూశావుగా ఎక్కడికి పోయిందో."

ఆ తులిప్ వెనక పద్ధెనిమిదేళ్ళున్నాయి. విత్తనం మొలిచి మొదటి పువ్వు పూయడానికి ఆరేళ్ళు, ఆ ఒక్క దుంప బుట్టలకొద్దీ కావడానికి పన్నెండేళ్ళు. దాని సంకరం జరిగింది ఆఫ్యా పుట్టినరోజున. ఆ ఏడు కానుక కొనడం మరిచిపోయిన సీమ్, "దీనికి నీ పేరే పెడతా" అని మాట ఇచ్చాడు. ఆఫ్యా ఆ మాటను ఒక్కసారి కూడా గుర్తు చేయలేదు. ఒక్క రోజు కూడా మరవలేదు.

చేసేది లేక సీమ్ జ్ఞాపకం మీదే పత్రం నింపాడు. తల్లి: అక్క గ్రీట్ ఇచ్చిన తెల్ల తులిప్. కాఫీకి వచ్చిన గ్రీట్ కళ్ళజోడు సవరించుకుని అది చదివింది. చదివి, ఎవరూ పెట్టకుండానే డబ్బా మూత తీసి రెండో బిస్కెట్టు తీసుకుంది. కాఫీకి ఒక్క బిస్కెట్టే లెక్కయిన ఆ ఇంట్లో అది యుద్ధం ప్రకటించడమే.

"తల్లి నాదైతే పేరు మీ ఆవిడది ఎలా అవుతుందిరా?"

"దుంప ఇచ్చావక్కా, అంతే."

"తల్లిని పట్టుకుని అంతే అంటావా?"

బుధవారానికల్లా ఊరందరికీ తెలిసిపోయింది. పువ్వు మీద షాంపేన్ పోసి పేరు పెట్టడానికి గ్రీట్ పాస్టరుగారిని పిలిచింది. బ్యాండు మేళానికి తేదీ చెప్పింది. బేకరీలో తన పేరు రాసిన కేకుకు ఆర్డరిచ్చింది. పాస్టరుగారు అభినందించడానికి వస్తే తలుపు తీసింది ఆఫ్యా.

"గ్రీట్ అనే పేరు పువ్వుకి భలే నప్పుతుందమ్మా," అన్నాడాయన.

"ముల్లంగికి ఇంకా బాగా నప్పుతుంది," అని ఆఫ్యా కాఫీ కూడా ఇవ్వకుండా తలుపు వేసింది.

ఆ ముల్లంగి సంగతి సాయంత్రానికి గ్రీట్ చెవిన పడింది. "ఆకు తుంపి జన్యు పరీక్షకి పంపరా. కాగితం మీద రుజువుంటే నోళ్ళు మూతపడతాయి," అంది తమ్ముడితో.

అంతదాకా గరిటె తిప్పుతూ మాట్లాడుతున్న ఆఫ్యా చప్పున మెత్తబడింది. "పరీక్షలెందుకు? వదిన పేరే పెట్టేయండి."

అంత మెత్తదనం ఆ ఇద్దరూ ఎరగరు. అనుమానం వచ్చి మర్నాడే ఆకులు పంపేశారు.

మూడు వారాలకు జవాబు వచ్చింది. తండ్రి సీమ్ రాసినదే. తల్లి మాత్రం గ్రీట్ తులిప్ కానే కాదు.

"నలభై ఏళ్ళుగా నా తోటలో ఉన్న పువ్వుని కాదనడానికి వాళ్ళెవరు?" అని గ్రీట్ మండిపడింది. సీమ్ ముందు ప్రయోగశాలను తిట్టాడు, తర్వాత తేనెటీగలను, ఆ తర్వాత కంచె దగ్గర నిలబడి పొరుగింటి ఆరీని. తన తోటలోనూ ఆరీ తోటలోనూ కలిపి పద్నాలుగు ఆకులు కోశాడు. కోపం ఇంకా మిగిలి ఉండటంతో, చెత్తడబ్బా పక్కన ఆఫ్యా పెంచుకునే ఎర్ర తులిప్ ఆకు కూడా వెటకారానికి కవరులో పడేశాడు. ఎప్పుడో పెట్రోలు బంకులో ఆమె సంచెడు దుంపలు కొనుక్కొచ్చింది. వాటిని సీమ్ 'బంకు పూలు' అనేవాడు.

రెండో జవాబు ఆఫ్యా పుట్టినరోజు మధ్యాహ్నం, భోజనం వేళకు వచ్చింది. బల్ల మీద తెల్ల ఆస్పరాగస్ కాడలు, హ్యామ్, ఉడికించిన గుడ్లు ఉన్నాయి. వాటి మధ్య 'గ్రీట్' అని రాసిన కేకు. వద్దంటే బేకరీవాళ్ళు వెనక్కి తీసుకోలేదట.

సీమ్ కవరు చింపి చదివాడు. ఇంకోసారి చదివాడు.

"తల్లి పదిహేనో ఆకు," అన్నాడు. "చెత్తడబ్బా పక్కది."

ఆఫ్యా ఫోర్కు కింద పెట్టింది.

"ఆ ఏడు నా పుట్టినరోజుకి చుట్టాలొస్తున్నారని బల్ల మీదకి ఒక తెల్ల పువ్వు కోశా. కోశాక చూస్తే కాడకి, సంకరానికి ఎంచుకున్న పువ్వని గుర్తుగా నువ్వు కట్టే ఎర్ర ఊలు ఉంది. నీ గోల ఎవరు పడతారని, నా బంకు పువ్వొకటి దుంపతో సహా తవ్వి అక్కడ పాతా. రంగు తెలియకుండా రేకులు పీకి, దాని కేసరాలు తీసేసి, ఫ్రిజ్‌లో నువ్వు దాచిన పుప్పొడి కేకుల బ్రష్షుతో అద్దా. ఊలు కట్టేశా."

"నేనొచ్చి చూశాను కదా."

"చూశావు. అప్పటికే మూడు గ్లాసుల జిన్ను పట్టించి ఉన్నావు. నువ్వే చేశాననుకుని, వెళ్ళి క్యాలెండర్లో రాసుకున్నావు కూడా."

"మరి ఆ రోజు బల్ల మీద ఉన్న పువ్వు..." అంది గ్రీట్.

"మీదే వదినా. రెండుసార్లు మెచ్చుకున్నారు."

సీమ్ మొహం జేవురించింది. "పద్ధెనిమిదేళ్ళు నీళ్ళు పోసి పెంచింది నేను."

"పెంచావు, కాదన్లేదు. కానీ పత్రంలో 'సంకరం చేసినవారు' అని ఒక గడి ఉంది. అక్కడ నా పేరు రాయాలి. పువ్వుకి పేరు పెట్టేది ఆ గడిలో ఉన్న మనిషి."

"నీ పేరే పెడతానని అప్పుడే చెప్పాను."

"నా పేరు గడిలో ఉంటుందిగా, చాలు. పువ్వుకి 'సీమ్' అని పెడుతున్నా. ఎర్రగా కందిపోతుంది, మెడ వంచదు, కాస్త ఎండ తగిలితే చాలు, నోరు తెరుస్తుంది."

గ్రీట్ కేకు కోయబోయి, నవ్వు ఆపుకోలేక కత్తి కింద పెట్టేసింది. సీమ్ లేచి పత్రం తెచ్చుకున్నాడు.

"తల్లి పేరు దగ్గర ఏం రాయను?"

"నిజమే రాయి," అంది ఆఫ్యా, ఆస్పరాగస్ వడ్డించుకుంటూ. "పెట్రోలు బంకు, రెండో పంపు పక్కన."