గోపాలయ్య గారి చెస్ట్‌నట్ పథ్యం

పల్లీలు తినడం మానండి! చెస్ట్‌నట్లు తినండి! రాయచూరు జిల్లా బాగుపడాలంటే ఇంతకు మించిన మార్గం లేదని బాగా ఆలోచించి, భోంచేసి మరీ మనవి చేస్తున్నాను.

నవ్వకండి. ఇది ఆరోగ్యం విషయం. చెస్ట్‌నట్‌లో కొవ్వు నామమాత్రం. పీచుంది, పొటాషియం ఉంది, సి విటమిన్ కూడా ఉంది. మన పల్లీలో ఏముంది? రుచి! రుచితో ఎవడైనా బాగుపడ్డాడా?

గంజ్ మార్కెట్లో పల్లీల వ్యాపారం చేసే గోపాలయ్య గారినే తీసుకోండి. అరవై రెండేళ్ల మనిషి. రైతు గోతం విప్పగానే పిడికెడు కాయలు తీసి, ఒలిచి, పప్పు నలిపి, వాసన చూసి, నాలుగు నోట్లో వేసుకుని "మాల్ మంచిగుంది" అనడం ఆయన పని. ముప్పై ఏళ్లుగా ఆ మాట మీదే బేరాలు తెగుతున్నాయి. అంటే ఆయనకు తినడమే వృత్తి! పోనీ అక్కడితో ఆగుతారా? మధ్యాహ్నం ఇంటికొచ్చి జొన్నరొట్టెలోకి మళ్లీ పల్లీల పొడి!

మొన్నామధ్య రక్తపరీక్షలో షుగర్ కాస్త తొంగి చూసింది. అంతే, ఆయన భార్య కాత్యాయని గారు పవర్ ప్లాంట్ కాలనీ లేడీస్ క్లబ్బుకు వెళ్లి, పోషకాహారం మీద ఉపన్యాసం విని, ఒక ఛార్టు తెచ్చి వంటింటి తలుపుకు అంటించారు. అందులో మొట్టమొదటి పేరు చెస్ట్‌నట్. పల్లీ పేరు ఎక్కడా లేదు. లేదు కాబట్టి నిషేధం!

"గంజ్‌ల గూడ నోట్ల ఏసుకోవద్దు. గుమాస్తాకు చెప్పి పెట్టిన," అన్నారావిడ.

"నోట్ల ఏసుకోకుంటే మాల్ సంగతి ఎట్ల తెలుస్తదే?"

"చూసి చెప్పుండ్రి. కండ్లున్నయి గద!"

సరే, గోపాలయ్య గారు చూసి చెప్పడం మొదలుపెట్టారు. ముక్కిపోయిన మాల్‌ను భేష్ అన్నారు. అరకేర నుంచి వచ్చిన మేలిరకం కాయను పక్కన పెట్టమన్నారు. రైతులు ఒకరి మొహం ఒకరు చూసుకుని, పక్క దుకాణంలో గోతాలు దించడం మొదలుపెట్టారు. ముప్పై ఏళ్ల పేరు మూడు వారాల్లో పోయింది. పోతే పోయింది, ఆరోగ్యం కోసం ఆమాత్రం త్యాగం చేయలేమా?

ఇంతలో హైదరాబాద్ నుంచి కూతురు నేహ పంపిన చెస్ట్‌నట్లు దిగాయి. గట్టి గోధుమరంగు పెంకుతో నున్నగా, బొద్దుగా, చూడముచ్చటగా ఉన్నాయి. కాత్యాయని గారు పెద్ద బాండలిలో ఇసుక కాగబెట్టి, పల్లీలు వేయించినట్టే వేయించారు. వేయించే ముందు ఒక్కో గింజకు కత్తితో గాటు పెట్టాలట. ఆ సంగతి ఛార్టులో లేదు. పుట్టినప్పటి నుంచి పల్లీలు వేయించిన చేతికి ఆ అనుమానం ఎందుకొస్తుంది చెప్పండి?

మొదటి గింజ ఢామ్మంది! రెండోది పోపులడబ్బాను పడగొట్టింది. మూడోది కిటికీలోంచి వెళ్లి ఎదురింటి మహదేవప్ప ఆరేసుకున్న పంచెలో పడింది. మహదేవప్ప ట్రాన్స్‌ఫార్మర్ పేలిందనుకుని లైన్‌మన్‌కు ఫోన్ చేశాడు. మిట్టమధ్యాహ్నం వీధి మొత్తానికీ కరెంటు తీసేశారు. పవర్ ప్లాంట్ ఉన్న జిల్లాలో కరెంటు పోవడం వింతేమీ కాదు. కానీ ఒక గింజ పోగొట్టడం ఇదే మొదలు! పల్లీకి ఎప్పుడైనా ఇంత శక్తి ఉందా?

పేలకుండా మిగిలినవాటిని గోపాలయ్య గారు నమిలారు. చాలాసేపు నమిలారు.

"ఏందే ఇది? గెనుసుగడ్డ తిన్నట్టుంది!"

"గెనుసుగడ్డ ఛార్టుల ఉందా? లేదు గద. తినుండ్రి."

అన్నం అన్నమే, దానిపైన పూటకో గిన్నెడు చెస్ట్‌నట్లు. నెల తిరిగేసరికి షుగర్ ఈసారి తొంగి చూడలేదు, లోపలికొచ్చి కూర్చుంది. డాక్టర్ తల పట్టుకున్నాడు. "చెస్ట్‌నట్ మంచిదే సార్. కానీ అందులో ఉండేది చాలావరకు పిండి. అది తింటే ఆ మేరకు అన్నం తగ్గించాలి. అయినా పిడికెడు పల్లీలు తింటే మీకేం కాదు. ఎవరు మానమన్నారు?"

గోపాలయ్య గారికి కళ్లలో నీళ్లు తిరిగాయి. కాత్యాయని గారు న్యాయం తెలిసిన మనిషి. అక్కడికక్కడే తప్పు ఒప్పుకుని నిషేధం ఎత్తేశారు. అంతటితో ఊరుకోకుండా, ఆ సాయంత్రం స్వయంగా దుకాణానికి వచ్చి భర్త చేతిలో ఒక సీసా, ఒక స్పూను పెట్టారు. పీనట్ బటర్! సీసా మీద ఒక దొరసాని పరుగెత్తుతోంది.

"ఇన్ని గోతాల పల్లీలుండంగ ఈ సీసా ఎందుకే?"

"గోతం మీద విటమిన్లు రాసుంటయా? సీసా మీద అన్నీ రాసిండ్రు. చూసుకోండ్రి," అని ఆవిడ ఆటో ఎక్కారు.

గోపాలయ్య గారు గోతాల మధ్య కూర్చుని స్పూను నాకుతుండగా ఇడపనూరు రైతు హనుమన్న భుజం మీది పల్లీల గోతం దించాడు.

"ఏంది సావుకార్, మందా?"

"మందే, హనుమన్నా."

"అయ్యో! ఏం రోగానికి?"

గోపాలయ్య గారు సీసా వంక చూశారు. హనుమన్న గోతం వంక చూశారు.

"నీ గోతం మీద ఏం రాసిలేదు గద," అన్నారు, "గా రోగానికి."