పఠన ప్రణాళికా సంఘం: అధ్యక్షుడు నేనే

మనిషి పుస్తకాలు చదవకపోవడానికి కారణం బద్ధకం కాదు, సరైన ప్రణాళిక లేకపోవడం. ఈ సత్యాన్ని కనిపెట్టింది నేనే కాబట్టి దిద్దుబాటు కూడా నేనే చేపట్టాను. జనవరి ఒకటిన మా ఇంట్లో పఠన ప్రణాళికా సంఘం ఏర్పడింది. అధ్యక్షుడు నేను, కార్యదర్శి నేను. (సభ్యుడి హోదాలో ఒక అసమ్మతి నోటు కూడా రాశాను. అధ్యక్షుడి హోదాలో దాన్ని తోసిపుచ్చాను.)

ఆఫీసులో పాతికేళ్లుగా ఫైళ్లకి వరుస నంబర్లు వేయించే సెక్షన్ సూపరింటెండెంటుని. ఆ అనుభవమంతా రంగరించి పన్నెండు నెలలకి పన్నెండు విభాగాలు కేటాయించాను. ఒకే రకం చదివితే బుద్ధి ఒకవైపు ఒరిగిపోతుందని నా భయం. జనవరికి చరిత్ర, ఫిబ్రవరికి హాస్యం (రోజులు తక్కువ, చాలు), మార్చికి యాత్రలు, ఇలా. అపరాధ పరిశోధనకి అక్టోబరు దక్కింది. నెల మారాలంటే ఫారం బి, కారణాలతో, రెండు ప్రతుల్లో. మార్చి నాటికి జాబితాకి నాలుగో సవరణ పూర్తయింది. చదివిన పేజీలు పదకొండు. (అందులో ఆరు విషయసూచిక.)

సరిగ్గా అప్పుడే మా ఆవిడ ఒక దస్తా కాగితాలు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. మూడేళ్లుగా వంటింటి గట్టు మీద రాసుకున్న అపరాధ పరిశోధన నవల.

"ఏమండీ, పోటీకి పంపుతున్నా. శుక్రవారం ఆఖరు రోజు. మీరొక్కసారి చదివి ఎలా ఉందో చెబితే కాస్త ధైర్యంగా ఉంటుంది."

నిజం చెప్పొద్దూ, గుండె ఉప్పొంగింది. కానీ రూలు రూలే.

"అపరాధ పరిశోధన అక్టోబరు కదోయ్. ఇది మార్చి. యాత్రలేమైనా రాశావా?"

"వంటింట్లోంచి హాల్లోకి తప్ప నేనేం యాత్రలు చేశానండీ?"

"పోనీ, ఫారం బి నింపు."

నింపింది పాపం. కారణం అన్నచోట 'మీ భార్యని' అని రాసింది. అది బంధుప్రీతి కిందికి వస్తుందని అభ్యంతరం రాసి తిప్పి పంపాను. (పంపడమంటే, వంటింట్లోకి వెళ్లి ఇచ్చి, టీ తాగి వచ్చాను.) బుధవారం మళ్లీ అడిగింది. పరిశీలనలో ఉందన్నాను. గురువారం అడగలేదు. దాన్ని పాలనా విజయంగా నమోదు చేసుకున్నాను.

శుక్రవారం సాయంత్రం ఎందుకో మనసు పీకింది. ఎంతైనా కట్టుకున్న మనిషి. అత్యవసర సమావేశం పెట్టి, ఏకగ్రీవంగా మినహాయింపు మంజూరు చేసి, కళ్లజోడు తుడుచుకుని చూస్తే బల్ల ఖాళీ.

"పొద్దున్నే పంపేశానండీ," అంది మా ఆవిడ, కూరగాయలు తరుగుతూ. "కింద షాపు టైలరు చదివిపెట్టాడు. రెండు రోజుల్లో."

ఉక్రోషం వచ్చింది. ఏడ్చినంత పనైంది కూడా, ఒప్పుకుంటున్నాను. సరాసరి కిందికి దిగి టైలరుని పట్టుకున్నాను.

"ఏవయ్యా, నవల ఎలా ఉంది?"

"బ్రహ్మాండం సార్," అన్నాడు మిషను ఆపకుండా. "మొదటి పేజీలోనే హత్య. పోయినాయన పొద్దస్తమానం గదిలో కూర్చుని, చదవాల్సిన పుస్తకాలకి జాబితాలు రాస్తుంటాడు. పోయాడని ఇంట్లోవాళ్లకి తెలిసేసరికి నాలుగు అధ్యాయాలు అయిపోతాయి."

"నాలుగా? నమ్మేట్టు లేదే."

"నేనూ అదే అన్నాను సార్. అమ్మగారు నవ్వి, 'ముందు ఆరు రాశాను, చదివేవాళ్లు నమ్మరని తగ్గించాను' అన్నారు."

పైకొచ్చి గదిలో కూర్చున్నాను. ఇది రాస్తున్న సమయానికి, నా అంచనా ప్రకారం, రెండో అధ్యాయం నడుస్తోంది.