కొండ మీది కప్పుకు నా పదిహేను రోజులు

ఫెస్ నగరం చెప్పుల బజారులో వర్తకుడనైన బూష్తా అనే నేను, ఒక కొండ ఊరికి వెళ్ళి, పదిహేను రోజులు అక్కడే తిని, అక్కడే పడుకుని, ఉచితంగా శ్రమించాలని ఆలోచించడం ప్రారంభించినట్లు ఇందుమూలముగా తెలియజేయడమైనది. ఇల్లు విడిచి చేసే సేవకు మొదటి మెట్టు ఆలోచన. ఆ మెట్టు మీద నేను నలభై రోజులు నిలబడ్డాను.

దీనికి కారకురాలు ఇట్టో. దూరపు పల్లెల నుంచి బడికి వచ్చే పందొమ్మిది మంది ఆడపిల్లలకు ఆ ఊళ్ళో వసతిగృహం నడుపుతోంది. కూతురి పెళ్ళికని ఎప్పుడో నాకు పురమాయించిన చెప్పుల కోసం నాలుగోసారి వచ్చినప్పుడు, వసతిగృహం మట్టికప్పు కుంగిందని చెప్పింది. మంచు పడేలోగా కొత్తది వేయకపోతే పిల్లల్ని ఇళ్ళకు పంపేయాలి. పంపితే మళ్ళీ రారు. దుకాణం నిండా జనం ఉన్నారు. "సాయానికి నేనొస్తాను" అన్నాను. చెప్పుల సంగతి మరుగున పడింది. మంచి బేరమే.

బజారు పొంగిపోయింది. బజారు పెద్ద అల్లాల్ అందరికీ పుదీనా టీ పోయించి ఉపన్యసించాడు: "మన బజారు నుంచి సేవకు వెళ్ళినవాడు ఉన్నాడా? లేడు. వెళ్దామని అనుకున్నవాడైనా ఉన్నాడా? ఇదిగో, ఈయన!" నేను వినయంగా తల వంచాను. ఆనాటి నుంచి స్నానశాలలో ముందు నా వీపే రుద్దారు. శుక్రవారం కుస్‌కుస్ పళ్ళెంలో పెద్ద మాంసం ముక్క నా వైపే జరిగింది.

ఆలోచించడం తేలికైన పని కాదు. కొండ మీద దిండు మెత్తగా ఉంటుందా? మట్టి తొక్కడానికి నా నడుము ఒప్పుకుంటుందా? నా భార్య రుఖియా సలహా అడిగాను.

"మన మిద్దె కారబట్టి రెండేళ్ళయింది. పదిహేను రోజులు దాని మీద కాపురముండి సేవ చెయ్యరాదూ?" అంది.

దగ్గరి సేవలో త్యాగం తక్కువ కనుక ఆ సలహాను తోసిపుచ్చాను.

నలభయ్యో రోజున ఇట్టో ఫోన్ చేసింది. బజారు పెద్ద ఎదురుగానే ఉన్నాడు. నా గొప్ప నలుగురికీ వినపడాలని స్పీకర్ నొక్కాను.

"ఎప్పుడొస్తున్నారు, బూష్తాగారూ? సాయానికొస్తానన్న మనిషి రాకముందే పని మొదలెడితే ఆయనకు అవమానమని మావాళ్ళు పారలు ముట్టుకోవట్లేదు. మీకోసం గొర్రెను కూడా కట్టేసి ఉంచాం. శిఖరం మీద మబ్బు దిగుతోందయ్యా. రాలేనని ఒక్క మాట చెప్పండి, అంతే చాలు."

ఒక్క మాట. అంటే పిల్లలకు కప్పు, నాకు తలవంపులు. రెండూ తూచాను. తూకం ఎటు మొగ్గిందో వర్తకులకు చెప్పనక్కర లేదు.

"ఎంతమాట, ఇట్టోగారూ! వచ్చే వారం తప్పకుండా."



"మా అమ్మాయి పెళ్ళి చెప్పులకూ ఇదే అన్నారు. దానికిప్పుడు ఇద్దరు పిల్లలు." ఆ వెంటనే అక్కడున్నవాళ్ళకు కేకేసింది: "ఒరేయ్, ఆయన రావట్లేదు! పారలు తియ్యండి! గొర్రెను మనమే తిందాం!"

మంచుకు రెండు రోజుల ముందు కప్పు పూర్తయింది. పిల్లలు అక్కడే చదువుకుంటున్నారు. బజారు సమావేశమై, నేను వెళ్ళకపోవడం వల్లనే ఈ మహత్కార్యం నెరవేరిందని ఏకగ్రీవంగా తీర్మానించింది. ఇప్పుడు మరో పదకొండు మంది వర్తకులు, తలా ఒక ఊరు ఎంచుకుని, ఆలోచిస్తున్నారు.

పదమూడో చోటు ఖాళీగా ఉంది. ఇంతదాకా చదివి నన్ను చూసి నవ్వుతూ, ఏదో ఒక రోజు నాలా కాక నిజంగానే వెళ్ళాలనుకుంటున్న మీకోసమే దాన్ని అట్టే పెట్టాం.