కంప్యూటరు ఒప్పుకున్న కోడలు

మూఢాల్లో పెళ్లిచూపులు చూడకూడదనే చిక్కును ఆళ్లగడ్డ పెద్దమనుషులు తొలగించారని అందరికీ సంతోషంగా తెలియజేయడమైనది. పెళ్లికెదిగిన మగపిల్లలున్న ఇళ్లవాళ్లు ఇకపై శుక్రుడి కోసం కాచుకుని కూర్చోనక్కర్లేదు. ఇంట్లో ఒక కంప్యూటరుంటే చాలు. అది ఎంత పాతదైతే అంత మంచిది.

ఈ మేలు మొదట జరిగింది ఉమామహేశ్వరమ్మ ఇంట్లో. ఆమె భర్త హనుమంతయ్యకు బజార్లో ఎరువుల కొట్టుంది. ఒక్కగానొక్క కొడుకు సుమంత్ బుద్ధిమంతుడు. ఆ సంగతి ఊరంతా ఒప్పుకుంటుంది, ఎందుకంటే ముప్ఫై దాటినా అతని గొంతు ఎలా ఉంటుందో ఎవరికీ సరిగ్గా తెలియదు. యూరియా అడిగితే యూరియా ఇస్తాడు. లేకపోతే లేదన్నట్టు తలాడిస్తాడు.

ఇంత మంచి పిల్లవాడికి సంబంధం ఎందుకు కుదరలేదని మీరు అడగవచ్చు. తప్పంతా ఆడపిల్లలది. నందికొట్కూరు పిల్ల పొట్టి. బనగానపల్లె పిల్ల చామనఛాయ. కోవెలకుంట్ల పిల్ల బస్సు తప్పిపోతున్నట్టు నడిచింది. ఇంకో పిల్లకు అన్నీ కుదిరాయి గానీ, కాఫీ ఇస్తూ ఇస్తూ నవ్వింది. పిల్లలందరూ ఇలా ఏదో ఒక లోపం వెంటబెట్టుకుని వస్తుంటే పాపం ఉమామహేశ్వరమ్మ మాత్రం ఏం చేస్తుంది? ఏళ్లు గడిచేకొద్దీ కాలం తిరగబడింది. ఆడపిల్లలవాళ్లే, మా ఇంటికి రావద్దండి అని ముందుగా ఫోన్ చేసి చెప్పే రోజులొచ్చాయి. ఈసారి కూడా తప్పితే నన్నిక పిలవొద్దు తల్లీ అని సంబంధాలు చెప్పే ఆయన చేతులెత్తి దండం పెట్టాడు. కోడలి చేతి కాఫీ తాగే యోగం తనకు లేదేమోనని ఉమామహేశ్వరమ్మకు మొదటిసారి భయం పట్టుకుంది.

ఆ చివరి సంబంధం నంద్యాలది. పిల్ల పేరు నాగజ్యోతి. విత్తనాల కంపెనీలో గింజలు మొలుస్తాయో లేదో చూసి చెప్పే ఉద్యోగం. తల్లి గౌరమ్మ బట్టల అంగడి నడుపుతుంది. అన్నీ బాగున్నాయనుకునేసరికి మూఢాలొచ్చాయి. అవి పోయేదాకా ఆగితే పిల్లను వేరేవాళ్లు ఎగరేసుకుపోతారు. అప్పుడు హనుమంతయ్య అన్న సంజీవయ్య పంచాంగం తెప్పించుకుని, కళ్లద్దాలు తుడుచుకుని, తీర్పు చెప్పాడు.

“మూఢంలో పిల్లను చూడకూడదు గానీ కంప్యూటరును చూడకూడదని యాడా రాయలేదు. మనం చూసేది కంప్యూటరును. దాంట్లో పిల్ల కనపడితే అది మన తప్పు కాదు.”

శాస్త్రాన్ని ఇంత లోతుగా తవ్విన మనిషి ఆ మండలంలో లేడని అక్కడున్నవాళ్లంతా ఒప్పుకున్నారు.

గౌరమ్మ వాళ్లు పిల్లతో నాలుగు మాటలు చెప్పించి, సెల్‌ఫోన్‌లో వీడియో తీసి, పెన్‌డ్రైవ్‌లో వేసి పంపారు. ఫోన్‌లోనే చూడొచ్చు కదా అని ఎవరో అంటే, ఇంటి కోడల్ని అరచేతిలో చూస్తారా అని హనుమంతయ్య కసిరాడు. ఇంట్లో గౌరవమైన కంప్యూటరు ఉండగా ఫోనెందుకు? సుమంత్ ఇంటర్ చదివేటప్పుడు కొన్న యంత్రమది. డబ్బా లాంటి టీవీ, దానికి ఉమామహేశ్వరమ్మ అల్లిన లేసు గుడ్డ, ఏటా దసరాకు పసుపు కుంకుమ, పక్కన నిమ్మకాయ. అరిగిపోతుందని దాన్ని ఎప్పుడూ వాడలేదు. అందుకే అంత బాగుంది.

పెన్‌డ్రైవ్ పెట్టారు. తెర నల్లబడింది. పిల్ల నలుపా అని ఉమామహేశ్వరమ్మ హడలిపోయింది.

ఫోటో స్టూడియో ఓబులేసును పిలిపించారు. వీడియో కొత్త రకం, కంప్యూటరు పాత రకం, ఒకరి భాష ఒకరికి తెలియదు, కాబట్టి వీడియోను పాత రకంలోకి మార్చాలి అని అతను చెప్పాడు. స్టూడియోకి తీసుకుపోయి మార్చుకొస్తానన్నాడు. ఆడపిల్ల బొమ్మ బజారుకు పోకూడదని సంజీవయ్య అడ్డుపడ్డాడు. దాంతో మార్పిడి ఆ పాత యంత్రం మీదే, నట్టింట్లో, అందరి ఎదుటా మొదలైంది.

తెర మీద ఒక పచ్చటి గీత పుట్టింది. అది నిండితే పని అయినట్టు. గీత తాబేలు కన్నా నిదానంగా కదులుతుంటే ఇల్లంతా ఊపిరి బిగబట్టింది. కరెంటు ఒడిదుడుకులు రాకూడదని మిక్సీ ఆపారు, ఫ్రిజ్ ఆపారు, ఫ్యాను ఆపారు. చట్నీ లేదు. చెమటలు మాత్రం ఉన్నాయి. వీధివీధంతా గీతను చూడ్డానికి వచ్చి, చెప్పులు గుమ్మం బయట విడిచి, ఏ మాత్రం వచ్చింది అని గుసగుసగా అడిగి పోయింది. సగం దాటాక గీత ఆగిపోయింది. ఓబులేసు తల గీరుకున్నాడు. రాహుకాలం అన్నాడు సంజీవయ్య. రాహుకాలం పోయింది, గీత కదిలింది. ఆ తర్వాత చాలా రోజులు ఆయన్ను బోర్లు వేయించుకునేవాళ్లు కూడా పిలిచి ముహూర్తం అడిగారు.

గీత నిండింది. వీడియో ఆడింది.

ఇక్కడ కొంచెం నిజాలు చెప్పుకోవాలి. వెడల్పు బొమ్మను చదరపు తెరలో కుక్కడం వల్ల నాగజ్యోతి సన్నగా, పొడుగ్గా, తాటిచెట్టంత ఎత్తు వచ్చింది. టీవీ ముసలిది కాబట్టి రంగులు వెలిసి, పాలరాతి బొమ్మంత తెల్లగా వచ్చింది. యంత్రానికి ఆయాసం కాబట్టి, ఒక అడుగు వేసి ఆలోచించుకుని ఇంకో అడుగు వేసింది. అన్నిటికన్నా ముఖ్యం, పెదవులు కదిలాయి గానీ ఒక్క మాట బయటికి రాలేదు.

ఉమామహేశ్వరమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నేళ్లుగా తాను మనసులో గీసుకున్న కోడలు, గీసినది గీసినట్టు, ఎదురుగా నిలబడింది.

“సౌండు పోయింది అక్కా. ఇంకోసారి మారుస్తా, వస్తాది” అన్నాడు ఓబులేసు.

“వద్దప్పా. ఇట్లే బాగుండాది” అందామె.

తెరలో పిల్ల చూపుడువేలు ఆడించింది. పెద్దలంటే భక్తి అన్నాడు సంజీవయ్య. పెదవులు గబగబా కదిపింది. స్తోత్రం చదువుకుంటోంది అన్నాడు. సుమంత్ తలుపు పక్కన నిలబడి, ఆమె ఏమంటోందో అని మెడ చాపి చూశాడు. నువ్వు కొట్టుకు పోరా అన్నారు. పోయాడు. పిల్ల నచ్చిందని, మాట ఇచ్చామని ఆ సాయంత్రమే నంద్యాలకు కబురు పోయింది.

మూఢాలు పోయేదాకా ఆ ఇంట్లో అత్తాకోడళ్లు ఎంత చక్కగా కలిసి ఉన్నారో చెప్పలేం. ఉమామహేశ్వరమ్మ పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని కంప్యూటరు ముందు కూర్చునేది. మోకాళ్ల నొప్పి చెప్పుకునేది. ఆడబిడ్డ మీద చాడీలు చెప్పేది. నాగజ్యోతి అడ్డు చెప్పలేదు, విసుక్కోలేదు, పుట్టింటికి పోతాననలేదు. వీధిలో మిగతా అత్తలు వచ్చి చూసి, నిట్టూర్చి, ఇళ్లకు పోయి ఉన్న కోడళ్లతో తగాదా పెట్టుకున్నారు.

మూఢం వదిలిన మంచిరోజున అందరూ కారులో నంద్యాల పోయారు. గౌరమ్మ ఇంట్లో చాపలు పరిచారు. నాగజ్యోతి కాఫీల పళ్లెం తీసుకుని లోపలినుంచి వచ్చింది. మామూలు ఎత్తు, మామూలు రంగు, చకచకా నాలుగడుగులు.

“అందరూ బాగుండారా? దావలో గుంతలెక్కువగా ఉండాయా?” అని అడిగింది.

మాట వచ్చింది. పిల్లను మార్చేశారని ఉమామహేశ్వరమ్మకు అర్థమైపోయింది. సంజీవయ్య గొంతు సవరించుకున్నాడు.

“చూడమ్మా గౌరమ్మా. ఈ పిల్ల కూడా మంచిదే అయ్యుంటాది, మాకేం కోపం లేదు. గానీ మేం మాటిచ్చింది కంప్యూటర్లో పిల్లకు. మాట తప్పేది మా వంశంలో లేదు. ఆ పిల్ల యాడుందో పిలవండి.”

ఇద్దరూ ఒకరే అని గౌరమ్మ ప్రమాణం చేసింది. ఒకరే అయితే ఈమె పొడుగెక్కడ పోయిందని హనుమంతయ్య నిలదీశాడు. మార్పిడి కదా, మీ పిల్లను కూడా అట్లా మార్పించలేరా అని న్యాయంగానే అడిగాడు. నాగజ్యోతి తన ఫోన్ తీసి, అసలు వీడియోను ఆడించింది. ఈసారి అందులోనుంచి గొంతు ఖంగుమని వచ్చింది.

“నా పేరు నాగజ్యోతి. పెండ్లయినా ఉజ్జోగం మానను, ముందే చెప్తాండా. రెండు పూటలా నేనొక్కదాన్నే వండల్లంటే వండను. నాకు మాట్లాడేది ఇష్టం. ఇవన్నీ సమ్మతమైతేనే రండి.”

వేలు ఆడించింది ఆ చివరి మాట దగ్గర.

“దీనికంతా మీరు సరేనని కబురు పంపితిరి. ఎంత మంచోళ్లో అని మా అమ్మ వీధంతా చెప్పుకునె” అంది నాగజ్యోతి. తర్వాత గోడ పక్కన కూర్చున్న సుమంత్ వైపు తిరిగింది. “నువ్వేమంటావప్పా?”

పెళ్లిచూపుల్లో పిల్లవాణ్ణి అడగడమేమిటి?

“వాణ్ణి అడిగేదేముంది తల్లీ? మేం చెప్పినట్లు చేస్తాడు. నువ్వు గమ్మునుండురా” అంది ఉమామహేశ్వరమ్మ. నిజానికి అతను అప్పటికే గమ్మునే ఉన్నాడు.

“అయితే ఈయప్పకు కూడా సౌండు రాదా అత్తా? ఈయన్ని మార్పించిందెవరు?”

అంతలో సుమంత్ నోరు తెరిచాడు. తుప్పు పట్టిన గేటులా ముందు కొంచెం కిర్రుమని, తర్వాత మాట వచ్చింది.

“నాకు నచ్చింది. ఈ మాట్లాడే పిల్లే నచ్చింది.”

“మళ్లా ఒకసారి చెప్పు” అంది నాగజ్యోతి నవ్వుతూ. మళ్లీ చెప్పాడు.

హనుమంతయ్య పంచె మీద కాఫీ ఒలికింది. ఉమామహేశ్వరమ్మ కొడుకు నుదుటి మీద చేయి పెట్టి చూసింది, జ్వరం లేదు. అది ఇంకా భయపెట్టింది. సంజీవయ్య ఒక్క ఉదుటున లేచాడు.

“పెండ్లి కాకముందే పిల్లోడు మాట్లాడ్తాండాడు. అయినంక ఏమైపోతాడో ఆలోచించుకోండి. పదండి.”

వంశ గౌరవాన్ని కాపాడుకుంటూ అందరూ కారెక్కారు. కారులో సుమంత్ మళ్లీ పాత పద్ధతిలోకి వచ్చేశాడు. తల్లికి అదొక్కటే ఊరట.

సంబంధం తప్పిపోయిందని ఉమామహేశ్వరమ్మ దిగులుపడిందనుకునేరు. ఆమెకు కోడలు ఉండనే ఉంది. పొద్దున కాఫీ, మోకాళ్ల నొప్పి, ఆడబిడ్డ చాడీలు, అన్నీ మునుపటిలాగే సాగుతున్నాయి. ఓబులేసు స్టూడియోకు ఇప్పుడు తీరిక లేదు. మగపిల్లల తల్లులు పెన్‌డ్రైవ్‌లు పట్టుకొచ్చి, సౌండు తీసెయ్యప్పా, పొడుగు కొంచెం పెంచు అని బతిమాలుతున్నారు. ఆడపిల్లల తల్లి ఒకామె వచ్చి, పిల్లవాడి వీడియోకు సౌండు పెట్టగలవా అని అడిగిందట. లోపల లేనిది నేనెక్కడ తెచ్చేది అక్కా అని ఓబులేసు చేతులెత్తేశాడు.

పాత కంప్యూటరుకు ఈమధ్య ఊరికే ఏదో ఒకటి పోతోంది. ఒకసారి వైరు, ఒకసారి మౌసు. ఆ పాత సామాన్లు ఆళ్లగడ్డలో దొరకవట. అందుకని సుమంత్ ప్రతి ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని నంద్యాల బస్సెక్కుతున్నాడు. చీకటి పడ్డాక వట్టి చేతులతో, ఈల వేసుకుంటూ వస్తున్నాడు. మా వాడికి యంత్రాలంటే ఎంత ప్రేమో అని ఉమామహేశ్వరమ్మ వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంటోంది. మొన్న సోమవారం నాగజ్యోతితో కలిసి రిజిస్ట్రారు ఆఫీసుకు పోయింది కూడా సామాన్ల కోసమే కాబోలు.

ఆ సంగతి బస్సు కండక్టరుకు తెలుసు. ఓబులేసుకు తెలుసు. వీధిలో అందరికీ తెలుసు. ఇప్పుడు మీకూ తెలిసింది. ఉమామహేశ్వరమ్మతో మాత్రం ఎవరూ అనలేదు, అనరు కూడా. మనమంతా మర్యాదస్తులం. ఒకరి ఇంటి సంగతి వాళ్ల వెనక ఎంతసేపైనా మాట్లాడుకుంటాం గానీ, ఎదుటపడితే నోరు మెదపం.