సారు వస్తున్నాడని కొట్టానికి రంగు

ఆ రోజు పొద్దున రాంచందర్ పెట్టుకున్న పని ఒక్కటే. చాయ్ తాగి, కొట్టంలో పేడ ఎత్తి, నాలుగు మూలలా ఊడ్చి పెట్టడం. పాత కట్టడాల మీద పుస్తకం రాసే సారు ఒకాయన మర్నాడు బచ్చన్నపేట పక్కనున్న వాళ్ళ ఊరికి వస్తున్నాడు. రాంచందర్ వాట్సప్‌లో పెట్టిన ఫోటోలు చూసి ఆయనే ఫోన్ చేశాడు.

కొట్టం రాంచందర్ తాత కట్టించింది. భూపాలపల్లి అడవి నుంచి టేకు దుంగలు ఎడ్లబండ్ల మీద తెప్పించి, బాడిసెతో చెక్కించి నిలబెట్టాడు. ఎక్కడా ఒక్క ఇనుప మేకు లేదు, అన్నీ కర్ర మేకులే. అందులో ఇప్పుడొక బర్రె ఉంటోంది. రాంచందర్ భార్య కౌసల్యకు మాత్రం ఆ జాగాలో షెడ్డు కావాలి. కొత్త ట్రాక్టర్ రోడ్డు మీద వానకు తడుస్తుంటే తనకే జలుబు చేసినట్టు ఉంటుంది ఆమెకు.

"ఏమయ్య, ఒక్క మాట చెప్తున్న ఇను. గా సారు మంచిగుంది, ఉంచుమన్నడా, ఉండనీ. నేను మల్ల నోరు తెరువ. కాదన్నడా, సోమారం జేసీబీ అస్తది."

"గట్లనే కానీ," అన్నాడు రాంచందర్, చీపురు పట్టుకొని.

అప్పుడే కౌసల్య తమ్ముడు అజిత్ వచ్చాడు. ఊరికి పెద్దమనుషులు ఎవరొచ్చినా ఏర్పాట్లు చూసేది అజితే.

"ఊడ్చుడేంది బావా! సారు అస్తుంటే ఎవడన్న గిట్లనే సూపెడ్తడా? మొన్న బడికి ఆఫీసరస్తే చెట్లకు సుత సున్నమేసినం."

రాంచందర్‌కు ఇది సబబే అనిపించింది. ఆఫీసర్ వస్తున్నాడంటే రంగు వేయడం ఆ ఊళ్ళో చుట్టానికి కాళ్ళకు నీళ్ళివ్వడం లాంటిది. బడిలో మిగిలిన నీలం రంగు డబ్బా అజిత్ ఇంట్లోనే ఉంది. ఒక గుంజకు వేశారు. అది మెరిసింది. దాని పక్కన మిగతా గుంజలు జ్వరం వచ్చి లేచినట్టు కనిపించాయి. వాటికీ వేశారు.

దూలానికి వేద్దామని అజిత్ నిచ్చెనను ఒక వంకర గుంజకు ఆనించి ఎక్కాడు. గుంజ వంగింది. పైనున్న పెంకలు సగం జరజరా జారి, అజిత్‌ను వెంటేసుకొని పేడకుప్పలో పడ్డాయి.

"అజితూ! పానం మంచిగుందా?"

"పానం మంచిగనే ఉంది బావా. రంగే పోయింది."

పెంకలు పోయాక రేకులు తప్పలేదు. జనగామ నుంచి ఆటోలో ఆకుపచ్చ రేకులు వచ్చాయి. వాటిని బోల్టులతో బిగించబోతే తాతగారి టేకు ఒప్పుకోలేదు, డ్రిల్లు ముక్కే విరిగింది. అందుకని గుంజలు పీకి ఇనుప పైపులు పాతారు. పైపులకూ నీలం రంగే వేశారు. సాయంత్రానికి ఆ కొట్టంలో పాతది బర్రె ఒక్కటే మిగిలింది.

కౌసల్య వచ్చి చూసింది. సరిగ్గా ట్రాక్టర్ పట్టేంత ఉంది.

"మంచిగనే ఉన్నది. సారును రానీ," అని నవ్వుకుంటూ లోపలికి పోయింది. ఆ నవ్వుతో రాంచందర్ మొదటిసారి పరేషాన్ అయ్యాడు.

ఇంతలో మబ్బు పట్టింది. రంగు ఆరలేదు కాబట్టి బర్రెను లోపల కట్టడానికి లేదు. పీకిన గుంజలూ దూలాలూ పారేయడానికని గేటు దగ్గర కుప్ప పోసి ఉన్నాయి. ఒక్క రాత్రికే కదా అని బావా బామ్మర్దులు అక్కడే నాలుగు గుంతలు తవ్వి, గుంజలకున్న ఆరని రంగు గోనెసంచితో తుడిచి పాతి, ఇనుప మేకులు అయిపోవడంతో పాత కర్ర మేకులే కొట్టి, మిగిలిన పెంకలు కప్పి బర్రెను కట్టేశారు.

మర్నాడు సారు తల వంచి ఫోన్ చూసుకుంటూ గేటు దాటి వచ్చాడు. నీలం పైపులనూ ఆకుపచ్చ రేకులనూ కిందికీ మీదికీ చూశాడు.

"కొట్టం చూపిస్తనన్నరు గదా?"

"గిదే సార్."

"ఇది పెట్రోల్ బంకు లెక్క ఉందయ్యా! ఇందులో మీ తాతది ఏముంది?"

రాంచందర్ కాళ్ళ కింది నేలను చూపించాడు. "జాగ తాతదే సార్."

కౌసల్య ఫోన్ తీసి జేసీబీ నంబరు వెతకసాగింది. సారు నిట్టూర్చి కారు వైపు నడిచాడు. గేటు దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. కళ్ళజోడు తుడుచుకున్నాడు. బర్రెను పక్కకు నెట్టి, గుంజ మీది బాడిసె దెబ్బలను వేళ్ళతో తడిమాడు.

"ఒక్క ఇనుప మేకు లేదు! ఏం పనితనం! ఇంత మంచిదాన్ని పెట్టుకొని నాకు గా డబ్బా చూపిస్తరా? దీన్ని ఇక్కడి నుంచి ఇంచు కూడ కదపొద్దు. పుస్తకంలో మొదటి బొమ్మ ఇదే."

"సార్, గిది గేటుకు అడ్డమున్నది," అన్నాడు అజిత్.

"అయితే గేటు జరుపుకోండి."

"ఎటు జరుపాలె సార్? ఇటు బాయి, అటు మా పాలోళ్ళ గోడ," అంది కౌసల్య. "ట్రాక్టరెట్ల రావాలె?"

సారుకు ట్రాక్టర్ సంగతి తెలియదు. ఆయన ఫోటోలు తీసుకుంటున్నాడు. రాంచందర్ భార్య వైపు చూడకుండా, మెల్లగా అడిగాడు.

"మరి సారు ఉంచుమన్నడు. నీ మాటేంది?"

కౌసల్య అతన్ని చూసింది, తమ్ముణ్ని చూసింది, ఫోన్ కొంగున ముడేసుకుంది. ఇచ్చిన మాట తప్పడం ఆమెకు చేతకాదు.

"ఉండనీ," అంది.

ట్రాక్టర్ రోడ్డు మీదే ఉంది. హడావిడిలో గుంజలు లోతుగా పాతడం వల్ల దూలం తలకు తగులుతుంది కాబట్టి, ఆ ఇంటికి ఎవరొచ్చినా బర్రె ముందు వంగి లోపలికి పోవాలి. పుస్తకంలో వేసిన, రాంచందర్ అలా వంగి ఉన్న ఫోటో కింద మాత్రం, పశుసంపద పట్ల ఆ ఊరి ప్రజలకున్న భక్తి అపారమని రాసి ఉంది.